శుక్రవారం, మూడో పీరియడ్

ఒక గంట పడుతుంది, మీరిక్కడే కూర్చోండమ్మా అని చెప్పి స్కూలు కౌన్సిలింగ్ మేడం ఆమె కూతుర్ని లోపలికి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది. గడియ వేసిన చప్పుడు రాలేదు. ఆ మాత్రానికే బయట కూర్చున్న తల్లికి ప్రాణం కాస్త కుదుటపడింది. బెంచీ చిన్నపిల్లల కోసం చేయించింది కాబోలు, కూర్చుంటే మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. ఎదురుగా గోడ గడియారంలో పదీ అయిదు. ఈ వేళకి లాండ్రీలో రెండో విడత బట్టలు మిషన్లోంచి తీసి ఆరేస్తూ ఉండాలి తను. పొద్దున్నే ఓనరుకి ఫోన్ చేసి, పిల్లకి ఒంట్లో బాగాలేదు, ఈ పూట రాలేను అంది. జ్వరమా అని ఆయన అడిగితే ఊఁ అనేసింది. జ్వరమే అయితే ఎంత బాగుండేది, నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే తెలిసిపోయేది, మాత్ర వేసి దుప్పటి కప్పితే తగ్గేది. ఇది ఎన్నాళ్ల నుంచి కాస్తోందో, చెయ్యి వేసినా తెలియలేదు తనకి. అసలు చెయ్యి వేసిందా? ఈ రెండు నెలల్లో దాని నుదుటి మీద తన చెయ్యి ఎన్నిసార్లు పడింది? గుర్తు రావడం లేదు. ఊరందరి చొక్కాల కాలర్ల మీదా పడింది, దాని మీద తప్ప.

వరండా అప్పుడే తుడిచినట్టున్నారు, నేల మీద తడి చారలు ఇంకా ఆరలేదు. పక్క క్లాసులో పిల్లలంతా ఒక్క గొంతుతో ఏదో పాఠం చదువుతున్నారు, మధ్యలో ఒకడెవడో అందరికన్నా ఒక మాట వెనక పడి చివర్లో ఒంటరిగా వినిపిస్తున్నాడు, మిగతావాళ్లు నవ్వుతున్నారు. నవ్వు. నిన్న దొరికిన కాగితం మీద ఆ మాటే రాసింది కూతురు, గలగల. నాలుగు పేర్లు ఒకదాని కింద ఒకటి, కింద గీత, గీత కింద ‘శుక్రవారం, మూడో పీరియడ్’, ఆ కింద ‘ఇంక నవ్వరు’. అందమైన గుండ్రటి అక్షరాలు. రెండో తరగతిలో ఈ దస్తూరీకే కదా దానికి రంగు పెన్సిళ్ల పెట్టె బహుమతి ఇచ్చింది. ఈరోజు గురువారం. రేపు ఈ పాటికి మూడో పీరియడ్ మొదలయ్యేది. ఆ ఆలోచన రాగానే చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నిన్న సాయంత్రం దాని యూనిఫాం షాపు మిషన్లో వేద్దామని తీసుకెళ్లింది. బట్ట నీళ్లలో పడే ముందు చెయ్యి జేబులోకి పోవడం పదమూడేళ్ల అలవాటు, చెయ్యి తనంతట తనే పోతుంది. ఎవరెవరి జేబుల్లో ఏమేం చూడలేదు తను, మందుల చీటీలు, పళ్లసెట్టు, ఒకసారి ఎవరో పెళ్లి మానుకుంటూ రాసి ఇవ్వకుండా దాచుకున్న ఉత్తరం. అన్నీ కవర్లో పెట్టి, బట్టల మూటకి పిన్ను కొట్టి ఇచ్చేస్తుంది, చదవదు. కానీ ఇది ఎనిమిది మడతల కాగితం, కూతురి లంగా జేబులోది, హోంవర్కేమో తడిసిపోతుందని విప్పింది. చదివాక మిషను తిరుగుతున్న మోత వినపడటం మానేసింది. సోమవారం నుంచి షాపులో పొడుగు కత్తెర కనబడటం లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇస్త్రీ పెద్దాయనే ఎక్కడో పెట్టి మర్చిపోయాడని దులిపేసింది కూడా. నాకేం తెలుసమ్మా, నా కళ్ల మీద ఒట్టు అన్నాడాయన. రేపు ఆయనకి క్షమాపణ చెప్పుకోవాలి. ఇంటికి పరుగెత్తి, అది స్నానానికి వెళ్లినప్పుడు బడి సంచీ తెరిచింది. అడుగున, పుస్తకాల కింద, తుండుగుడ్డలో చుట్టి పెట్టి ఉంది కత్తెర. గుడ్డకి రబ్బరు బ్యాండు కూడా వేసింది, పుస్తకాలు చిరగకుండా కాబోలు. ఆ జాగ్రత్త చూసి ఏడుపొచ్చింది.

అది తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆమె కత్తెర ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. అరుస్తుందనుకుంది, కాళ్ల మీద పడుతుందనుకుంది, నా సంచీ ఎందుకు ముట్టుకున్నావని రణం చేస్తుందనుకుంది. “రేపు నీతో నేనూ స్కూలుకి వస్తా” అంది తను. కూతురు కత్తెర వైపు చూసింది, అమ్మ వైపు చూసింది. “సరే” అంది. అంతే. రాత్రంతా ఆ ఒక్క మాటనే నములుతూ ఉండిపోయింది ఆమె. సరే ఏమిటి? ఎవరైనా సరే అంటారా?

పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది గానీ ఇంట్లో అది గలగల. మాటలు వచ్చిన రోజు నుంచి నోరు మూసింది లేదని వాళ్ల నాన్న పెట్టిన పేరు. బస్సు నడిపి ఇంటికొచ్చేసరికి ఆయన చెవులకి హారన్ మోత, దాని మీద ఇది. ఆపవే తల్లీ, స్టాపొచ్చింది, దిగు అనేవాడు. ఏ రోజు ఆగింది ఆ మాట? ఒక రోజు అని లేదు. నీళ్ల ట్యాంకులో మట్టం తగ్గినట్టు తగ్గింది, కొళాయి తిప్పినప్పుడు గానీ తెలియలేదు. పెద్దదవుతోంది, ఈ వయసులో ఆడపిల్లలు ఇంతే అని తనకి తనే చెప్పుకుంది. ప్రార్థన గంట కొట్టేసే దాకా ఇంట్లోనే తచ్చాడేది, బద్ధకం అనుకుంది. రంగు పెన్సిళ్ల పెట్టె, ఎవరినీ ముట్టుకోనివ్వని పెట్టె, కింది వాటా పిల్లకి ఇచ్చేసి నాకింక అక్కర్లేదమ్మా అంటే, ఎంత మంచి మనసే నీది అని బుగ్గ గిల్లింది. బుగ్గ గిల్లింది! ఇంకోసారి, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, “అమ్మా, జైల్లో పిల్లల్ని పెద్దవాళ్లతో కలిపే ఉంచుతారా, వేరేగానా?” అని అడిగింది. “తిండి దగ్గర జైలేంటే? తిను” అంది తను. అడిగింది కదా పిల్ల, తలుపు తట్టినట్టు మెల్లిగా అడిగింది. లోపల ఉన్నది తను. తిను అంది.

ఆ కోటు సంగతి మరీనూ. ఏడాది దాటినా ఎవరూ వచ్చి తీసుకెళ్లని బట్టలు షాపులో పనివాళ్లకి ఇచ్చేస్తారు. నీలం రంగు ఉన్ని కోటు, ముట్టుకుంటే కుందేలు పిల్లలా ఉండేది. చేతులు కత్తిరించి, భుజాలు లోపలికి కుట్టి, గుండీలు మార్చి, చలి మొదలయ్యే రోజుకి సిద్ధం చేసింది. అది వేసుకుని అద్దం ముందు గిర్రున తిరిగింది. నాలుగు రోజులు వేసుకుంది. అయిదో రోజు బిగుతుగా ఉందంది. కుట్లు విప్పి వదులు చేసింది. దురదగా ఉందంది. లోపల మెత్తటి నూలు గుడ్డ వేసి కుట్టింది. తర్వాత ఒకరోజు ఊడుస్తుంటే మంచం కింద గోడవైపు చుట్ట చుట్టి కనిపించింది కోటు. వణుక్కుంటూ వెళ్తోంది గానీ వేసుకోవడం లేదు. పొగరు, ఒకరి బట్ట వేసుకోవడం నామోషీ అనుకుని తనూ మొహం ముడుచుకుంది రెండు రోజులు.

ఫోను మోగింది. భర్త. బస్సు ఎక్కడో ఆపినట్టున్నాడు, వెనక జనం గోల. పొద్దున్న నాలుగింటికి ఆయన డ్యూటీకి బయల్దేరుతుంటే చెప్పింది, వద్దు, స్కూలుకి వెళ్లకు, కత్తెర తీసేశాం కదా, నేనొచ్చాక మాట్లాడతా అన్నాడు. ఊఁ అని, ఆయన వెళ్లగానే ఇలా వచ్చేసింది.

“ఎక్కడున్నావ్?”

“స్కూల్లో.”

“చెప్పేశావా?”

“చెప్పానండీ. కాగితం ఇచ్చాను. కత్తెరా ఇచ్చాను.”

“బుద్ధుందా నీకు? రేపు పోలీసులంటారు, పేరు కొట్టేస్తారు. ఏ స్కూల్లో చేర్చుకుంటారు దాన్ని? సొంత కూతుర్ని పట్టించి వచ్చావా?”

“పట్టించలేదు. పట్టుకున్నాను” అంది ఆమె. అంత మాట తన నోటి నుంచి వస్తుందని తనకే తెలియదు. ఇరవై ఏళ్లుగా బస్సుకి ఎవరు అడ్డం వచ్చినా తొణకని మనిషి, గుటకలు మింగుతున్నాడు. “అది... ఏమంటోంది?” అన్నాడు చివరికి, గొంతు వేరేలా. లోపల మాట్లాడుతోందండీ అని చెప్పింది. మాట్లాడుతోందా అని రెండుసార్లు అడిగి పెట్టేశాడు.

తలుపు అవతల నిజంగానే మాటలు వినిపిస్తున్నాయి, ఏమిటో తెలియదు, సన్నటి గొంతు ఒకటి ఆగకుండా పోతోంది. మేడం గొంతు కాదది. పట్టించడం, పట్టుకోవడం. తన అన్నయ్యని అప్పట్లో ఎవరూ పట్టుకోలేదు. పదిహేనేళ్లు వాడికి, తనకి తొమ్మిది. వాణ్ణి క్లాసులో వెనక నుంచి ఏదో పేరు పెట్టి పిలిచేవాళ్లు, ఆ పేరు ఇప్పటికీ ఆమె పైకి అనలేదు. ఒక సాయంత్రం సంచీ తెరిచి సైకిల్ చెయిను చూపించాడు, ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకోవడానికి వీలుగా చేసుకున్నాడు. ఎవరికీ చెప్పకు, నా మీద ఒట్టు అని తన చెయ్యి లాక్కుని వాడి తల మీద పెట్టుకున్నాడు. చెప్పలేదు. అన్నయ్య తనని నమ్మి చూపించాడని గర్వం కూడా పడింది, పిచ్చిది. మూడోరోజు బడి వదిలాక ఒక పిల్లాడి కన్ను పోయింది. వీధి వీధంతా వచ్చి, నిన్నటి దాకా బంగారం లాంటి పిల్లాడు, ఉన్నట్టుండి ఏమైందో అని బుగ్గలు నొక్కుకున్నారు. ఉన్నట్టుండి కాదు. తలుపు వెనక నిలబడి వింటున్న తొమ్మిదేళ్ల పిల్లకి తెలుసు, ఉన్నట్టుండి కాదని. అన్నయ్యని పోలీసులు తీసుకెళ్లారు, మూడేళ్లకి పంపారు, వచ్చినవాడు అన్నయ్యలా లేడు. ఇప్పుడు ఏదో గోడౌన్లో పెట్టెలు సర్దుతాడు. ఫోన్ చేస్తే ఆఁ, బాగానే ఉన్నా అంటాడు, అంతకుమించి మాట రాదు. ఒకే ఒక్కసారి, ఆమె పెళ్లికి ముందు, చెప్పు తెగితే కుడుతూ, తలెత్తకుండా అన్నాడు: “నువ్వయినా చెప్పి ఉండాల్సింది చెల్లీ.” కోపం లేదు ఆ మాటలో. కోపం ఉంటే మర్చిపోయేదేమో.

చప్పుడు విని తలెత్తింది. వరండా చివర నుంచి ఒక పిల్ల హాజరు పట్టీ గుండెకి అదుముకుని వస్తోంది, తడి నేల మీద గళ్లు ఎంచుకుంటూ, తెల్ల గడిలో అడుగు వేసి నల్ల గడి దాటేస్తూ. గలగల వయసే. ఎవరూ చూడటం లేదనుకుని ఆడుకుంటోంది, ఆమెను చూసి సిగ్గుపడి మామూలుగా నడిచింది. పళ్లకి తీగ వేశారు, నవ్వితే పెదవి దానికి పట్టుకుంటోంది. “ఎవరికోసం ఆంటీ? హెడ్ మేడం రూమ్ అటు” అంది. మెళ్లో వేలాడుతున్న గుర్తింపు కార్డు మీద పేరు కనిపించింది. కాగితం మీద మొదటి పేరు.

నాలుగు పేర్లూ రాత్రంతా ఆమె కళ్ల ముందు నల్లగా తిరిగాయి, వాటికి మొహాలు లేవు, ఉంటే ఏదో రాక్షసి మొహాలుంటాయనుకుంది, నా పిల్లనింత చేసినవాళ్లు ఎలా ఉంటారో చూడాలనుకుంది. ఇదిగో. మెడ మీద దోమ కుట్టిన మచ్చ. ఒక సాక్సు జారి మడమ దగ్గర ముద్దయింది. ఎవరో తల్లి పొద్దున్నే హడావిడిలో జడ వేసింది, ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్నాయి. రేపు ఈ పిల్ల కూడా మామూలుగానే లేచి, పళ్లు తోముకుని వచ్చేది. “ఆంటీ?” అంది పిల్ల మళ్లీ. ఏం అనాలి? నా కూతుర్ని ఏం చేశావే అనాలా? నోరు తెరిస్తే వచ్చింది మాత్రం ఇది: “లేసు ఊడిపోయింది తల్లీ, తడి నేల, పడతావు.” పిల్ల కిందికి చూసి, చేతిలో పట్టీ ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసింది. ఆమె బెంచీ మీంచి దిగి మోకాళ్ల మీద కూర్చుని లేసు కట్టింది, రెండు ముళ్లు, గలగలకి కట్టినట్టే. సాక్సు పైకి లాగింది. చీలమండ సన్నగా, వెచ్చగా ఉంది. “థాంక్స్ ఆంటీ” అని పిల్ల వెళ్లిపోయింది, మూల తిరగగానే మళ్లీ గళ్లు దాటుతున్న అడుగులు వినిపించాయి. ఆ అడుగులు వినబడినంత సేపూ ఆమె నేల మీదే కూర్చుండిపోయింది. ఇద్దరు పిల్లలు, అనుకుంది. ఒకర్ని కాదు, ఇద్దర్ని పట్టుకున్నాను.

లేచి బెంచీ మీద కూర్చున్నాక, ఎందుకో, గలగల అయిదేళ్ల నాటి ఆట గుర్తొచ్చింది. అప్పట్లో దానికి అమ్మ పని అంటే జేబులు వెతకడమే. ఇంట్లో బట్టలన్నిటి జేబుల్లోనూ ఏవో పెట్టేది, చాక్లెట్ కాగితం, ఈక, పిచ్చిగీతల బొమ్మ. షాపుకి తనతో పాటు వచ్చి, మిషను పక్కన నక్కి కూర్చునేది. తను చెయ్యి పెట్టి తీయగానే, దొరికిందా అమ్మా, దొరికిందా అని చప్పట్లు కొట్టేది. కొన్నిసార్లు తను కావాలని చూడనట్టు నటిస్తే ఓర్చుకోలేకపోయేది, సరిగ్గా చూడవే, సరిగ్గా చూడు అని జేబు లాగి చూపించేది. ఆమె గడియారం వైపు చూస్తూ ఉండిపోయింది, ముల్లు ఎక్కడుందో కనిపించడం లేదు. తన సంచీలో కత్తెరని అంత భద్రంగా దాచుకున్న పిల్ల, కాగితాన్ని ఉతకడానికి వేసే లంగా జేబులో మర్చిపోతుందా? అమ్మ చెయ్యి తప్పకుండా పడే చోట? జైలు గురించి అడిగితే తిను అంది. పెన్సిళ్లు ఇచ్చేస్తే బుగ్గ గిల్లింది. కోటు విప్పేస్తే కుట్లు వదులు చేసింది. ఇంక ఎక్కడ పెడితే అమ్మకి దొరుకుతుందో అది వెతుక్కుంది. సరే అన్నది అందుకే. చెంగు మొహానికి కప్పుకుని, పిల్లలకి వినబడకుండా ఏడ్చింది.

“రండమ్మా” అంది కౌన్సిలింగ్ మేడం, తలుపు తీసి. ఆవిడ కళ్లూ కాస్త ఎర్రగానే ఉన్నాయి.

గది చిన్నది, కుర్చీలు నాలుగు, కిటికీ పక్కన నీళ్ల కూజా. హెడ్ మేడం పక్క గుమ్మంలోంచి వచ్చి అప్పటికే కూర్చుని ఉంది. గలగల కుర్చీ అంచున, చేతులు తొడల కింద పెట్టుకుని. అమ్మ వైపు చూడలేదు.

“మీ అమ్మకి నువ్వే చెప్తావా, నన్ను చెప్పమంటావా?” అంది మేడం.

గలగల నేల వైపు చూస్తూ చెప్పింది. “ఆ కోటు... కాలర్ లోపల ఎర్ర దారంతో పువ్వు ఉంది కదా. అది కాగితంలో పేరున్న ఒకమ్మాయి వాళ్లక్కదంట. వాళ్ల అమ్మమ్మ కుట్టిందంట. క్లాసులో కాలర్ తిప్పి అందరికీ చూపించింది. దొంగ అంది. వీళ్లమ్మ లాండ్రీలో కొట్టేస్తుంది అంది. రోజూ ఎవరిది ఏం పోయినా నా సంచీ బోర్లించేవాళ్లు. ఫోన్లలో గ్రూప్ పెట్టి నా ఫోటో పెట్టారు. నీది కూడా, షాపులో వెనక నుంచి తీసింది.”

ఆ పువ్వు. విప్పేద్దామనుకుంది తను, కత్తెర మొన దాని దాకా తీసుకెళ్లి, ఎంత ముద్దుగా ఉందో, ఎవరు చూస్తారులే అని వదిలేసింది. “నాకెందుకు చెప్పలేదే?” అంది ఆమె.

“నువ్వు అంత ఇష్టంగా కుట్టావు కదమ్మా. మూడుసార్లు కుట్టావు” అంది గలగల. అప్పుడు దాని మొహం చిన్నప్పటిలా ముడుచుకుపోయింది. ఆమె కుర్చీ దగ్గరకు లాక్కుని, దాని తల తన భుజానికి హత్తుకుంది. నుదుటి మీద చెయ్యి వేసింది. చల్లగానే ఉంది.

మేడం నెమ్మదిగా చెప్పుకుపోయింది. పిల్లలు ఇలాంటివి పూర్తిగా దాచుకోలేరమ్మా, ఎక్కడో ఒకచోట ఎవరికో ఒకరికి బయటపెడతారు. మీ అమ్మాయి తన బెంచీలో పిల్లకి శుక్రవారం నువ్వు సెలవు పెట్టేయ్ అని చెప్పిందట. ఆ పిల్ల సరదాకి అంటోందిలే అనుకుంది. తప్పు ఆ పిల్లది కాదు, అలాంటిది వింటే ఎవరికి చెప్పాలో మేమే నేర్పలేదు. హెడ్ మేడం అందుకుంది: జరిగింది పైవాళ్లకి రాయక తప్పదు, రాస్తాను. మీరు తెచ్చి ఇచ్చారని కూడా రాస్తాను. రెండు వారాలు క్లాసు వద్దు, కానీ రోజూ ఈ గదికి రావాలి, ఒక గంట. డాక్టరుకి చూపించాలి, నెలన్నర నుంచి నిద్ర లేదంటోంది. ఆ నలుగురి అమ్మానాన్నల్ని మధ్యాహ్నం పిలిపిస్తున్నాను, వాళ్లేమంటారో మాత్రం నేను చెప్పలేను.

“పేరు కొట్టేస్తారా మేడం?” అని అడిగింది ఆమె. పొద్దుట్నుంచీ గొంతులో ఉన్న ప్రశ్న.

హెడ్ మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. “కొట్టేస్తే ఎక్కడికి పోతుందమ్మా? అదే కోపం పట్టుకుని ఇంకెక్కడికో పోతుంది. ఇక్కడే ఉండనివ్వండి, మా కళ్ల ముందు.” కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంటూ, “రెండు నెలలు మా కళ్ల ముందే ఉంది లెండి. మేమూ చూడలేదు” అంది.

ఆమె తల ఊపబోయి ఆగింది. భుజం మీద బరువు మారింది. అప్పటి దాకా బిగుసుకుని ఉన్న తల ఇప్పుడు పూర్తిగా ఒరిగిపోయింది, ఊపిరి పొడుగ్గా, నిదానంగా వస్తోంది. తొడల కింద నుంచి ఒక చెయ్యి జారి కుర్చీ పక్కన వేలాడుతోంది. మేడం చూసి, మాట మధ్యలోనే గొంతు తగ్గించింది. హెడ్ మేడం లేచి కిటికీ రెక్క దగ్గరగా వేసింది. మధ్యాహ్నం గంట కొట్టారు. ఒక్కసారిగా వందల కాళ్లు వరండాలోకి వచ్చిపడ్డాయి, డబ్బాల మోత, అరుపులు, ఎవరినో ఎవరో తరుముకుంటున్న పరుగులు. కదల్లేదు గలగల. ఆమె చెయ్యి తిమ్మిరెక్కింది, మోచేతి దాకా చీమలు పాకుతున్నట్టుంది, కదపలేదు.

ఆ గోల మధ్యలోంచి తలుపు తోసుకుని వచ్చాడు ఆయన, డ్రైవరు చొక్కాతోనే, చెమటతో, బస్సు ఎవరికి అప్పగించి వచ్చాడో. గదిలో అందరినీ ఒకసారి చూసి, కూతుర్ని చూసి, ఏమైందని అడగడానికి నోరు తెరిచాడు. ఆమె వేలు పెదాల మీద పెట్టుకుంది.

“పడుకుంది” అంది, గాలి కన్నా మెల్లగా.

ఆయన చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి, అడుగు చప్పుడు కాకుండా వచ్చి, నేల మీద, కుర్చీ పక్కన కూర్చున్నాడు. వేలాడుతున్న ఆ చేతి కింద తన అరచెయ్యి పెట్టాడు.